ఎల్లోస్టోన్‌లో ఎక్కడ దిగాలి?

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనాన్ని చూడడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు మేము ఐడహో ఫాల్స్‌లో దిగాము. సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని ఉత్తరానికి వస్తుంటే ఆ ఊరు దారిలోనే తగులుతుంది. హోటళ్ళు ఎక్కువ, అద్దెలు తక్కువ, కిరాణా సామాను దొరికే పెద్ద దుకాణాలున్నాయి. పార్కు పశ్చిమ ద్వారం అక్కడికి వంద మైళ్ళ పైచిలుకు దూరమే కదా, పొద్దున్నే బయలుదేరితే సరిపోతుందని అనుకున్నాము. మూడు రాత్రులకు కలిపి దాదాపు 400 డాలర్లు మిగిలాయని నేను సంతోషించాను కూడా.

అది జూలై రెండో వారం. మొదటి రోజు ఫలహారాలు ముగించి, పిల్లలను తయారు చేసి, ఏడున్నరకు బయలుదేరాము. పశ్చిమ ద్వారం దగ్గర కార్ల వరుసలో నిలబడి లోపలికి వెళ్ళేసరికి పది దాటింది. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి బుగ్గ దగ్గర కారు నిలపడానికి చోటు లేక రెండుసార్లు ముందుకు పోయి వెనక్కు వచ్చాము. వేడినీళ్ళు ఆగి ఆగి పైకి ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే బుగ్గ చుట్టూ ఉన్న బల్లల మీద చోటు దొరకలేదు. మావారు చిన్నవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని, ముందున్న తలల మీదుగా నీళ్ళు ఎగజిమ్మడం చూపించారు. సాయంత్రం ఐదు కాగానే అందరి మనసూ తిరుగు ప్రయాణం మీదికి మళ్ళింది, ఎందుకంటే జంతువులు అడ్డం వచ్చే దారిలో చీకటి పడ్డాక అంత దూరం నడపడానికి ఆయనకు భయం. మూడు రోజులూ ఇదే వరస. ఇంటికి వచ్చి ఫోటోలు చూసుకుంటే అన్నింటిలోనూ ఎండ నడినెత్తిన ఉంది. జూలైలో అక్కడ ఆరు కాకముందే తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిది దాటితేగాని పొద్దు గుంకదు. పదిహేను గంటల పగటిలో మేము చూసినవి మధ్యనున్న ఏడు గంటలు మాత్రమే. జంతువులు నీడకు చేరేదీ, జనం అంతా రోడ్ల మీదికి వచ్చేదీ సరిగ్గా ఆ ఏడు గంటల్లోనే.

అందువల్ల ఎవరైనా ఎల్లోస్టోన్‌లో హోటల్ గురించి అడిగితే నేను ముందు అద్దెల సంగతి ఎత్తను. తీసుకునే గది ఏ వేళల్లో పార్కును చూడనిస్తుంది అన్నదే మొదటి ప్రశ్నగా పెట్టుకోమంటాను. తెల్లవారుజామూ సాయంసంధ్యా చేతిలో ఉంటే మూడు రోజుల్లో చూసేది, అవి లేకపోతే వారం రోజుల్లోనూ చూడలేము.

దీనికి కారణం ఆ పార్కు పరిమాణంలోనూ, దాని రోడ్డు ఆకారంలోనూ ఉంది. 1872లో ఏర్పడిన ఈ ఉద్యానవనం విస్తీర్ణం దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం వయోమింగ్‌లో, అంచులు మాత్రం మోంటానా, ఐడహో రాష్ట్రాల్లో ఉన్నాయి. లోపలి ప్రధాన రహదారి ఇంగ్లీషు అంకె 8 ఆకారంలో 142 మైళ్ళ పొడవున తిరుగుతుంది. కింది సున్నా చుట్టూ ఒకసారి తిరిగితే 96 మైళ్ళు, పై సున్నా చుట్టూ తిరిగితే 70 మైళ్ళు. ఈ అంకెలు చూసి, హైవే మీద గంటన్నరలో పోయే దూరమే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ వేగం గంటకు 45 మైళ్ళు మించకూడదు, మలుపుల దగ్గర అదీ కుదరదు. దానికి తోడు బైసన్లనే అడవి దున్నల మంద ఒకటి రోడ్డు ఎక్కిందంటే అది దిగేదాకా అర మైలు పొడవున కార్లు ఆగిపోతాయి. తోవలో ఆగి చూడవలసినవి ప్రతి రెండు మైళ్ళకూ ఒకటి ఉంటాయి. కాబట్టి ఒక సున్నాకు ఒక రోజు పూర్తిగా పడుతుంది. ఆ రోజుకు ముందు ద్వారం దాకా రావడానికి రెండు గంటలు, తర్వాత వెనక్కు పోవడానికి రెండు గంటలు కలిపి చూడండి.

రెండేళ్ళ తర్వాత మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు జూన్ నెలలో మళ్ళీ వెళ్ళాము. ఈసారి బస ఏర్పాటు బాధ్యత నేనే తీసుకున్నాను. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అత్తయ్యగారికి బయటి తిండి పడదు, మా పెద్దదానికి తోడేళ్ళను చూడాలని పంతం. ఈ మూడింటినీ ముందు పెట్టుకుని, మ్యాపు మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ రెండు వారాలు కూర్చున్నాను. చివరికి అర్థమైనది ఏమిటంటే, ఒకేచోట అయిదు రాత్రులు ఉండాలనుకోవడమే మొదటి పొరపాటు. పెట్టెలు సర్దడం విసుగే, కానీ ఎనిమిది అంకెలో ఏ ఒక్క బిందువు దగ్గరా మిగతావన్నీ అందుబాటులో ఉండవు. పశ్చిమ ద్వారం దగ్గర పడుకుని, తోడేళ్ళు తిరిగే లామార్ లోయకు తెల్లవారే లోపల చేరాలంటే రెండు గంటలకు పైగా చీకట్లో నడపాలి. అందుకని రెండు రాత్రులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర, రెండు రాత్రులు పార్కు లోపలే ఉన్న కాన్యన్ విలేజ్‌లో, చివరి రాత్రి ఉత్తర ద్వారం బయట గార్డినర్ అనే చిన్న ఊరిలో అని నిశ్చయించాను.

పార్కు లోపల గదులు దొరకడం ఎంత కష్టమో అందరూ చెబుతారు. ఎప్పుడు ప్రయత్నించాలో మాత్రం తక్కువ మంది చెబుతారు. మేము తీసుకున్నప్పుడు, ప్రతి నెల 5వ తేదీన మరుసటి సంవత్సరం అదే నెల మొత్తానికి గదులు విడుదల చేసేవారు. అంటే జూన్‌లో ఉండాలంటే అంతకుముందు సంవత్సరం జూన్ 5న కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మన పెద్దవాళ్ళ వీసాలూ టిక్కెట్లూ ఏడాది ముందు తేలవు కదా అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. రద్దు నిబంధనలు శ్రద్ధగా చదివి, నష్టం ఎంతో తెలుసుకుని, ముందుగానే గది పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. మాకు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గది ఆ మొదటి రోజే దొరికింది, కాన్యన్‌ది దొరకలేదు. అయితే మనుషులు ప్రణాళికలు మార్చుకుంటూనే ఉంటారు, రద్దయిన గదులు మళ్ళీ జాబితాలోకి వస్తూనే ఉంటాయి. మార్చి నుంచి రోజూ పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూసేదాన్ని. ఏప్రిల్‌లో ఒక మంగళవారం రాత్రి కాన్యన్‌లో రెండు రాత్రులు వరసగా ఖాళీ కనిపించాయి. మావారిని నిద్ర లేపి కార్డు తెప్పించాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. అంతకుముందు ఒక బుకింగ్ వెబ్‌సైటులో పేరులో ఎల్లోస్టోన్ ఉన్న హోటల్ ఒకటి చూసి, పార్కు పక్కనే కాబోలు అనుకుని డబ్బు కట్టాను. తర్వాత చిరునామా మ్యాపులో వెతికితే అది ద్వారానికి అరవై మైళ్ళ అవతల ఉంది. రద్దు చేసుకుంటే ఒక రాత్రి అద్దె పోయింది. ఆ ప్రాంతంలో ప్రతి రెండో వ్యాపారం పేరులోనూ ఎల్లోస్టోన్ ఉంటుంది. దూరం కొలవవలసింది ద్వారం దాకా కూడా కాదు, మీరు మొదట చూడబోయే చోటు దాకా. వెస్ట్ ఎల్లోస్టోన్ అనే ఊరు పశ్చిమ ద్వారాన్ని ఆనుకునే ఉంది, అయినా అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు 30 మైళ్ళు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర మూడు బసలున్నాయి. వాటిలో అందరూ కోరుకునేది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్. రాబర్ట్ రీమర్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1904లో తెరిచిన ఈ కొయ్య భవనం లోపలికి అడుగుపెట్టగానే తల తనంతట తానే పైకెత్తుకుంటుంది. చెక్కు మాత్రమే తీసిన పైన్ దుంగలు, వంకర తిరిగిన కొమ్మలతో చేసిన పిట్టగోడలు, అంతస్తు మీద అంతస్తుగా లేచే హాలు, అందులో రాతి పొగగొట్టం. మామయ్యగారు చాలాసేపు ఒక దుంగను అరచేత్తో తడుముతూ నిలబడి, మా ఊళ్ళో పాత పెంకుటింటి దూలాలు ఇలాగే ఉండేవి అన్నారు. ఆ మాట విన్నాక గది కోసం పడిన తాపత్రయం నాకు గుర్తు రాలేదు.

అయితే ఆ భవనంలో పాత భాగంలోని గదుల్లో కొన్నింటికి స్నానాల గది లేదు. చేతులు కడుక్కునే సింకు గదిలోనే ఉంటుంది గాని, మరుగుదొడ్డికి వరండా చివరిదాకా నడవాలి. బుక్ చేసేటప్పుడు ఆ సంగతి స్పష్టంగానే రాసి ఉంటుంది. అద్దె తక్కువగా కనిపించి మనమే దాటేసి చదువుతాము. రాత్రి రెండుసార్లు లేచే పెద్దవాళ్ళు మనతో ఉంటే, నూటపాతికేళ్ళకు దగ్గరపడిన ఆ కొయ్య నేల కిర్రుమంటుంటే చీకట్లో వాళ్ళు అంత దూరం నడవడం మంచిది కాదు. నేను అదనపు డబ్బు కట్టి, తర్వాత కట్టిన రెక్కల్లోని ఒకదానిలో, స్నానాల గది ఉన్న గది తీసుకున్నాను. పక్కనే ఉన్న స్నో లాడ్జి ఇంకా కొత్తది, వసతి పరంగా అదే నయం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ లాడ్జి కేబిన్లు చిన్నవి, సాదా సీదావి, పొదుపు చూసుకునేవారికి సరిపోతాయి. మూడింటిలో ఏది దొరికినా నేను వద్దనను, ఎందుకంటే అక్కడ ఉండడంలో అసలు లాభం తెల్లవారాక తెలుస్తుంది.

ఆ మొదటి ఉదయం ఆరు కూడా కాకముందు మేము కోట్లు తొడుక్కుని బయటికి వచ్చాము. జూన్ నెలైనా గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. రెండేళ్ళ కిందట చోటు దొరకని ఆ బల్లల మీద అప్పుడు మాతో కలిపి పదిమందికి మించి లేరు. మామయ్యగారు ముందు వరసలో కూర్చుని శాలువా మోకాళ్ళ మీద కప్పుకున్నారు. మొదట రెండుసార్లు నీళ్ళు కొద్దిగా తొణికి ఆగాయి, మూడోసారి పొంగింది పొంగినట్టే పైకి లేచింది. జనం లేనందువల్ల శబ్దం వినపడింది. పెద్ద మూకుడులో నూనె మరుగుతుండగా నీళ్ళు పడ్డట్టు ఒక చిటపట, దాని వెనక నేల లోపలి నుంచి ఒక గురగుర. మధ్యాహ్నం వేళ ఆ శబ్దం ఉందనే మాకు తెలియలేదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు గంటన్నరకు ఒకసారి ఎగజిమ్ముతుంది కాబట్టి, అక్కడ గది ఉన్నవారు దాని కోసం పరుగెత్తవలసిన పని లేదు. మేము రెండు రోజుల్లో ఏడుసార్లు చూశాము, అందులో ఒకటి రాత్రి చుక్కల వెలుగులో.

ఒక్కటి మాత్రం మధ్యాహ్నానికే వదిలిపెట్టాలి. గ్రాండ్ ప్రిస్మాటిక్ మీద చల్లని ఉదయాల్లో ఆవిరి దట్టంగా కమ్మి ఉంటుంది, రంగులు కనిపించవు. ఎండ ఎక్కాకే నీలం, పసుపు, కాషాయం విడివిడిగా తెలుస్తాయి. ఇన్నులో గది ఉంది కదా అని తెల్లవారుజామున అక్కడికి పరుగెత్తితే తెల్లటి పొగ తప్ప ఏమీ దొరకదు.

కాన్యన్ విలేజ్ గురించి చెప్పడానికి ఇంత అందమైన భవనం లేదు. అక్కడ గదులు మామూలువి. కానీ మ్యాపు ప్రకారం చూస్తే ఎనిమిది అంకె నడుము దగ్గర కూర్చున్న చోటు అదే. దక్షిణంగా పది నిమిషాలు పోతే హేడెన్ లోయ, అక్కడ బైసన్ల మందలు, ఎర్రటి పిల్లలతో సహా. దగ్గరలోనే 308 అడుగుల ఎత్తు నుంచి దూకే దిగువ జలపాతం. ఉత్తరంగా డన్రేవన్ కనుమ దాటితే గంటలో లామార్ లోయ. ఆ కనుమ 8,859 అడుగుల ఎత్తున ఉంటుంది, మంచు తొలగించి తెరవడానికి తరచుగా మే చివరి దాకా పడుతుంది; అది మూసి ఉన్న రోజుల్లో కాన్యన్‌లో దిగితే ఉత్తరం వైపు పోవడానికి చుట్టూ తిరగాలి. ఒకేచోట ఉంటామని పట్టుబట్టేవారికి నేను చెప్పేది కాన్యన్ పేరే.

ఎత్తు సంగతి ఎవరూ నాకు ముందు చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాన్యన్ విలేజ్, సరస్సు ఒడ్డున ఉన్న లేక్ అనే చోటు రెండూ 7,700 అడుగులకు పైన ఉన్నాయి. మన హార్స్‌లీ కొండలు 4,100 అడుగుల పైచిలుకు. గుంటూరు మైదానంలో జీవితమంతా గడిపిన అత్తయ్యగారికి కాన్యన్‌లో మొదటి రాత్రి ఊపిరి చాలడం లేదనిపించి, కిటికీ పక్కన కూర్చుని తెల్లవారేదాకా నిద్రపోలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మందులేమీ వాడనవసరం లేకుండానే రెండో రోజుకు కుదుటపడ్డారు గాని, ఆ రాత్రి నేను పడిన ఆందోళన ఇంతా అంతా కాదు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు వైద్యుడిని అడిగి, మొదటి రాత్రులు తక్కువ ఎత్తున్న చోట పెట్టుకోవడం మంచిది. పార్కు ఉత్తర భాగంలోని మామత్ హాట్ స్ప్రింగ్స్ 6,200 అడుగుల దరిదాపుల్లో ఉంది, గార్డినర్ దానికంటే ఇంకా కింద. మామత్‌లో ఏడాది పొడవునా పనిచేసే క్లినిక్ ఉంది. లేక్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర వేసవిలో ఉంటాయి. మళ్ళీ వెళ్తే నేను వరస తిప్పి, గార్డినర్ నుంచే మొదలుపెడతాను.

లోపలి మిగతా బసల గురించి క్లుప్తంగా. లేక్ హోటల్ 1891 నాటిది, పసుపు రంగు గోడలు, తెల్లని స్తంభాలు, సరస్సుకు ఎదురుగా కూర్చోవడానికి విశాలమైన గది. అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ప్రశాంతంగా రెండు రోజులు విశ్రాంతి కావాలనుకునే దంపతులకు తగినది. గ్రాంట్ విలేజ్ సాధారణమైనది, దక్షిణాన ఉన్న మరో జాతీయ ఉద్యానవనం గ్రాండ్ టీటన్ వైపు పోవలసినవారికి అనువు. రూజ్‌వెల్ట్ కేబిన్లలో కొన్నింట్లో కట్టెల పొయ్యి తప్ప వేరే వెచ్చదనం లేదు, స్నానాల గదులు విడిగా ఉంటాయి. పడుచువాళ్ళు లామార్ కోసం అక్కడ దిగితే బాగుంటుంది, మన పెద్దవాళ్ళకు కాదు. మామత్ హోటల్ ముందరి పచ్చికలో ఎల్క్ అనే పెద్ద దుప్పులు పశువుల్లా పడుకుని ఉంటాయి. జూన్‌లో పిల్లల తల్లులు కాబట్టి మీదికి వస్తాయి, దూరంగా ఉండాలి. చలికాలంలో లోపల తెరిచి ఉండేవి మామత్ హోటల్, స్నో లాడ్జి, ఆ రెండే. టీవీ, ఏసీ లోపలి బసల్లో ఉండవు, ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. గేటు దాటక ముందే మ్యాపు ఫోనులోకి దించుకోవాలి.

గుడారాల వాళ్ళకు పార్కులో పన్నెండు క్యాంపు స్థలాలున్నాయి. మాకు ఆ అనుభవం లేదు కాబట్టి ఎక్కువ చెప్పను. ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర మాత్రం గట్టి గోడలున్న వాహనాలనే అనుమతిస్తారు, గుడ్డ డేరాలను రానివ్వరు, ఎందుకంటే అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు.

తిండి విషయం మనవాళ్ళకు బసతో ముడిపడి ఉంటుంది, దాన్ని చిన్నదిగా చూడకూడదు. లోపలి గదుల్లో వంటకు వీలు లేదు. శాకాహారులకు దొరికేవి కొన్ని ఉంటాయి గాని, మూడు పూటలా బ్రెడ్డు, సలాడు, పాస్తా తిని అత్తయ్యగారు ఉండలేరు. వంట గది తప్పనిసరి అనుకునేవారికి వెస్ట్ ఎల్లోస్టోన్ సరైన ఊరు: పొయ్యి, ఫ్రిజ్ ఉన్న గదులు దొరుకుతాయి, కూరగాయల దుకాణాలున్నాయి. నేను వేరే మార్గం పట్టాను. సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చేటప్పుడు, పార్కులోకి పోయే ముందు వెస్ట్ ఎల్లోస్టోన్‌లో ఒక రాత్రి ఆగి, ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం వండి, పులిహోర కలిపి, ఇంకో గిన్నెలో పెరుగన్నం తాలింపు పెట్టి ఐసు పెట్టెలో సర్దుకున్నాను. ఆ రెండూ రెండు రోజులు వచ్చాయి. తర్వాత మాగాయ, కారప్పొడి, అప్పటికప్పుడు కొన్న పెరుగు, రొట్టెలు. పార్కులో బల్లలు వేసి ఉంచిన చోట్లు యాభైకి పైగా ఉన్నాయి, మధ్యాహ్నం ఎక్కడున్నా దగ్గరలో ఒకటి దొరుకుతుంది.

మ్యాడిసన్ నది ఒడ్డున అలాంటి ఒక బల్ల మీద పేపరు పళ్ళాల్లో పులిహోర వడ్డిస్తుండగా, మన కాకికి రెండింతలుండే రేవన్ ఒకటి వచ్చి బల్ల చివర వాలింది. అత్తయ్యగారి కళ్ళు మెరిశాయి. తిథి కాకపోయినా కాకికి పెట్టకుండా ఆమె ఎప్పుడూ తినరు; చేతిలోకి ఒక ముద్ద తీసుకున్నారు. నేను వారించవలసి వచ్చింది. అక్కడ ఏ జంతువుకూ పక్షికీ తిండి పెట్టడం నేరం, మనిషి తిండి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపవలసి వస్తుందని చెప్పాను. ఆమె ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టి, నమస్కారం పెట్టుకుని తిన్నారు. రేవన్ మాత్రం ఊరుకోలేదు. మేము చేతులు కడుక్కోవడానికి లేచిన రెండు నిమిషాల్లో మావారి సంచి జిప్పు ముక్కుతో పట్టి లాగి, బిస్కెట్ల పొట్లం ఎత్తుకుపోయింది. రేవన్లు జిప్పులు తీయగలవని హెచ్చరికలున్నది అందుకే. పిండివంటలైనా పచ్చళ్ళైనా వాసన వచ్చేదేదీ కేబిన్ అరుగు మీద గాని, బల్లల మీద గాని వదలకూడదు. కారులో అద్దాలు బిగించి పెట్టాలి, క్యాంపు స్థలాల్లోనైతే అక్కడున్న ఇనుప పెట్టెల్లో.

బయటి ఊళ్ళలో నాకు బాగా నచ్చింది గార్డినర్. వెస్ట్ ఎల్లోస్టోన్ గేటు అన్నింటికంటే రద్దీ అయినది. జూలైలో అక్కడ దిగేవారు ఏడులోపు గేటు దాటితే రోజు దక్కుతుంది. కోడీ అందమైన ఊరు, మంచి మ్యూజియం ఉంది, కానీ అక్కడి నుంచి తూర్పు ద్వారానికే 50 మైళ్ళు దాటుతుంది, ఆ తర్వాత సిల్వాన్ కనుమ ఎక్కి దిగి సరస్సు చేరడానికి మరో 27. దక్షిణాన ఉన్న జాక్సన్ ఊరిని గ్రాండ్ టీటన్ చూడడానికి పెట్టుకోవాలి, ఎల్లోస్టోన్‌కు కాదు. గార్డినర్ నుంచి అయితే మామత్ 5 మైళ్ళే, అక్కడి నుంచి లామార్ దాకా పోయే దారి చలికాలంలో కూడా తెరిచి ఉంటుంది. 2022 జూన్‌లో వచ్చిన వరద ఆ ఊరికీ మామత్‌కూ మధ్య రోడ్డును కోసుకుపోయింది. పాత గుర్రపుబండ్ల దారిని వెడల్పు చేసి ఆ సంవత్సరం అక్టోబరులోనే మళ్ళీ తెరిచారు. దిగువ చూస్తే నది ఒడ్డున కొరికినట్టు తెగిన పాత తారు రోడ్డు అక్కడక్కడా కనిపించింది.

చివరి రాత్రి గార్డినర్‌లో తీసుకున్న గది చిన్నది, కింది అంతస్తు, గుమ్మం ముందే కారు. మామయ్యగారు ఒక్క మెట్టు ఎక్కవలసిన పని లేకపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు పిల్లలను దుప్పట్లతో సహా కారులో కూర్చోబెట్టి లామార్‌కు బయలుదేరాము. అక్కడ రోడ్డు పక్కన అప్పటికే ఏడెనిమిది మంది దుర్భిణులను మూడుకాళ్ళ స్టాండ్ల మీద నిలబెట్టుకుని ఉన్నారు. 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి తెచ్చి వదిలిన 31 తోడేళ్ళ సంతతిని చూడడానికి రోజూ వచ్చేవారున్నారట. వాళ్ళలో ఒక పెద్దావిడ దుర్భిణి కొంచెం దించి మా పెద్దదాన్ని పిలిచారు. నదికి అవతలి ఒడ్డున సేజ్ పొదల మధ్య బూడిద రంగువి రెండు, నల్లది ఒకటి, నింపాదిగా నడుస్తున్నాయి. మా పెద్దది చూసి, మాట్లాడకుండా జరిగి తాతయ్యను ముందుకు లాగింది. ఆయన కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, చాలాసేపు చూశారు. ఏడు గంటలకల్లా ఎండ పడి అవి చెట్లలోకి వెళ్ళిపోయాయి. మేము వెనక్కు వస్తుంటే ఎదురుగా కార్ల వరస మొదలైంది.

వచ్చే ఏడాది జూన్‌లో మా మరిది కుటుంబం వెళ్ళాలనుకుంటున్నారు. వాళ్ళకు ఆరేళ్ళవాడు, మూడేళ్ళ పాప. పాప మధ్యాహ్నం తప్పనిసరిగా నిద్రపోవాలి. వాళ్ళ కోసం నేను రాసిచ్చిన వరస ఇది: గార్డినర్‌లో రెండు రాత్రులు, కాన్యన్‌లో రెండు, ఆఖరున వెస్ట్ ఎల్లోస్టోన్‌లో వంట గది ఉన్న గదిలో రెండు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్నులో దిగకపోయినా ఒక సాయంత్రం ఆ హాలులో కూర్చుని రమ్మన్నాను, లోపలికి వెళ్ళి చూడడానికి గది ఉండనవసరం లేదు. కాన్యన్ గదులకు ఇంకా ప్రయత్నిస్తున్నాము. రాత్రి పది గంటల వంతు నాది, ఉదయం వంతు మా తోడికోడలిది.